ఫోర్డ్ పాప్‌ను హాట్ రాడ్‌గా మార్చడం: ఛాసిస్ నుంచి రోడ్డు దాకా

1953 నుంచి 1959 వరకు ఇంగ్లండ్‌లో తయారైన ఫోర్డ్ పాప్యులర్ 103ఈ, వచ్చిన రోజుల్లో బ్రిటన్‌లో దొరికే కార్లన్నిటిలోకి చవకైనది. 1172 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజిన్, 30 హార్స్‌పవర్, మూడు గేర్లు, 6 ఓల్టుల కరెంటు, కడ్డీలతో లాగే బ్రేకులు. నీటి పంపు కూడా లేదు. వేడెక్కిన నీరు పైకి, చల్లారిన నీరు కిందికి తనంతట తాను తిరగాల్సిందే. ఇలాంటి కార్లు లక్షా యాభై వేలకు పైగా తయారయ్యాయి.

పాత కారులో బలమైన ఇంజిన్ పెట్టి, తమ ఇష్టానికి మార్చి కట్టుకునే బండే హాట్ రాడ్. దాన్ని కట్టే అమెరికా కుర్రాళ్ళకు 1932 ఫోర్డ్ ఎలాంటిదో, బ్రిటిష్ హాట్ రాడ్ కుర్రాళ్ళకు ఈ 'పాప్' అలాంటిది. కారణాలు సూటిగానే ఉంటాయి. ఛాసిస్ (అడుగు చట్రం) వేరు, బాడీ వేరు. బోల్టులు విప్పితే బాడీ పైకి లేస్తుంది. మొత్తం బరువు సుమారు 735 కిలోలు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 90 అంగుళాలు. రూపం మాత్రం 1930ల నాటి పెద్ద కార్లదే. పోడింగ్టన్ పాత వైమానిక స్థావరంలో 1966లో సాంటా పాడ్ డ్రాగ్ స్ట్రిప్ (తిన్నని పొట్టి పందెపు దారి) తెరిచినప్పటి నుంచి ఈ చిన్న బండి అక్కడ పరిచయమున్న ముఖమే.

ఈ పని చాలాసార్లు సగంలో ఆగిపోయేది డబ్బు లేక కాదు, వరుస తప్పినందువల్ల. ఇంజిన్ ముందు కొంటారు, దాన్ని ఎలాగోలా ఇరికిస్తారు, ఆ తర్వాత స్టీరింగ్ కాలమ్‌కు దారి లేదని, బ్రేకు పెడల్‌కు చోటు లేదని తెలుస్తుంది. సరైన వరుస ఇది: బండి నేల నుంచి ఎంత ఎత్తులో నిలబడాలి, ఏ చక్రాలు, ఏ యాక్సిళ్ళు (ఇరుసులు), స్టీరింగ్, బ్రేకులు, ఆ తర్వాతే ఇంజిన్. మా మార్గదర్శి కూడా అదే వరుసలో నడుస్తుంది.

ముందు కాగితాలు

ఛాసిస్ మీద గ్రైండర్ పెట్టే ముందు వీ5సీ లాగ్‌బుక్ (బ్రిటన్ రిజిస్ట్రేషన్ పత్రం) చేతిలో ఉండాలి. అందులో రాసిన ఛాసిస్ నంబరు, బండి మీద చెక్కిన నంబరు ఒకటే కావాలి. బండిని అన్ని వైపుల నుంచీ, ఛాసిస్ నంబరుతో సహా, విప్పకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి.

బ్రిటన్‌లో చాలా ఏళ్ళు పాయింట్ల లెక్క నడిచింది. మార్చని అసలు ఛాసిస్‌కు 5, సస్పెన్షన్‌కు 2, యాక్సిళ్ళకు 2, గేర్‌బాక్సుకు 2, స్టీరింగ్‌కు 2, ఇంజిన్‌కు 1. మొత్తం 14లో కనీసం 8 ఉంటేనే పాత నంబరు ప్లేటు నిలిచేది. లేదంటే ఐవీఏ పరీక్ష (బండిని విడిగా పరీక్షించి ఆమోదించేది), అసలు గుర్తింపు తేలని బండ్లకిచ్చే 'క్యూ' నంబరు. ఇంజిన్, గేర్‌బాక్సు, యాక్సిళ్ళు, సస్పెన్షన్ మార్చి, ఛాసిస్‌నూ స్టీరింగ్‌నూ ఉంచుకుంటే వచ్చేది 7. ఒక్క పాయింటు తక్కువై పాత నంబర్లు పోగొట్టుకున్న పాప్‌లు ఉన్నాయి. 2025 ఆగస్టులో బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏ ఈ నిబంధనలను సడలించింది. నిర్మాణంలో పెద్ద మార్పులు చేసినా ఆ సంగతి తెలియజేసి పాత గుర్తింపు నిలుపుకునే వీలు వచ్చింది. మీ బండికి ఏది వర్తిస్తుందో డీవీఎల్ఏను రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే కోయండి. నలభై ఏళ్ళు దాటిన బండికి ఉండే ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) మినహాయింపు ఇంతగా మార్చిన బండికి ఉండదు. ప్రతి ఏడూ పరీక్షకు వెళ్ళాలి, వెళ్ళడమే మంచిది కూడా.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా మార్చిన బండి రోడ్డుకు పనికిరాదు. 50 ఏళ్ళు దాటిన కార్లకు 2021 నుంచి ఇస్తున్న 'వీఏ' వింటేజ్ నంబరు కూడా ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేని బండికే. హైదరాబాదులోనో విజయవాడలోనో పాత ఫోర్డ్ దొరికితే దాన్ని ఉన్నది ఉన్నట్టు బాగుచేయండి. ఇక్కడ చెప్పే పని ఇంగ్లండ్‌లో ఉన్నవారికి.

బండిని ఎంచుకోవడం

103ఈతో పాటు దాని అక్కలాంటి యాంగ్లియా ఇ494ఏ కూడా ఈ పనికి బాగుంటుంది; రెండింటి ఎముకల గూడు దాదాపు ఒకటే. ఇంజిన్ పాడైపోయినా, సీట్లు చిరిగినా పట్టించుకోకండి, అవన్నీ ఎలాగూ పోయేవే. చూడాల్సింది తుప్పు. తలుపుల అడుగు అంచులు, తలుపు స్తంభాల పాదాలు, నేల రేకు, డిక్కీ అడుగు, బాడీ ఛాసిస్‌కు బోల్టు అయ్యే చోట్లు. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. మోగితే రేకు, మెత్తగా దిగితే మట్టి.

తలుపు మూసినప్పుడు చుట్టూ సందు సమంగా ఉందా చూడండి. పైన 4 మి.మీ., కింద 10 మి.మీ. ఉంటే స్తంభం కిందికి జారింది. అది తుప్పు కన్నా ఖరీదైన రోగం.

ఎంత ఇంజిన్?

నాలుగు దారులు ఎక్కువగా కనిపిస్తాయి. ఫోర్డ్ 1600 క్రాస్‌ఫ్లో తేలిక, చిన్నది, ఎక్కడైనా ఇముడుతుంది. 2.0 లీటర్ల పింటో సుమారు 100 హార్స్‌పవర్ ఇస్తుంది, కొంచెం ఎత్తైనది. జెటెక్ కొత్తది, ఇంకా బలమైనది, కానీ ఇంజెక్షన్ వైరింగు తోడు వస్తుంది. రోవర్ 3.5 వీ8 అల్యూమినియంతో చేసింది కాబట్టి వీ8లలో తేలికే, ధ్వని కూడా గుండెను తాకుతుంది. కానీ పాప్ ముక్కు ఇరుకు. వీ8 పెడితే బల్క్‌హెడ్‌ను (ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య గోడను) వెనక్కి తొలచాలి, ఎగ్జాస్ట్‌కూ స్టీరింగ్‌కూ మధ్య ప్రతి మిల్లీమీటరుకూ పోరాడాలి.

మొదటిసారి చేసేవారికి మా సలహా పింటో. 30 నుంచి 100కి వెళ్ళడమంటే బలం మూడు రెట్లకు పైగా పెరిగినట్టే. 90 అంగుళాల బండికి అది చాలినంత. దానికి జతగా ఫోర్డ్ సియెర్రా టైప్ 9 అయిదు గేర్ల పెట్టె. కొనేటప్పుడు నాలుగు సిలిండర్ల సియెర్రాదే అడగండి. వీ6 బండి గేర్‌బాక్సుకు ఇన్‌పుట్ షాఫ్టు పొడవు వేరు, పింటోకు నేరుగా కుదరదు.

డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలోని పళ్ళ పెట్టె) పళ్ళ నిష్పత్తి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. టైప్ 9లో అయిదో గేరు 0.82. టైరు 195/65 ఆర్15 అయితే ఒక్క చుట్టుకు దాదాపు 1.93 మీటర్లు దొర్లుతుంది. ఫోర్డ్ ఎస్కార్ట్ కారు యాక్సిల్‌లో 3.54 నిష్పత్తి ఉంటే 3000 ఆర్‌పీఎమ్ వద్ద వేగం గంటకు 120 కిలోమీటర్లు, అంటే 74 మైళ్ళు. అదే 4.125 అయితే 103 కిలోమీటర్లే. చిన్న ఎస్కార్ట్‌ల నుంచి వచ్చే చవకైన యాక్సిళ్ళలో 4.125 తరచుగా ఉంటుంది. అది పెట్టి మోటార్‌వే మీద గంటసేపు నడిపితే చెవులు మోగిపోతాయి. కొనేముందు గేర్‌బాక్సు వైపు షాఫ్టును చేత్తో తిప్పి, రెండు చక్రాలూ కలిసి ఒక చుట్టు తిరగడానికి అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని మాత్రమే తిప్పితే, చక్రం రెండు చుట్లు తిరగడాన్ని ఒక చుట్టుగా లెక్కించాలి.

చక్రాలతో కొలత మొదలు

బాడీని ఛాసిస్ మీదే ఉంచి, చెక్కదిమ్మల మీద మీరు కోరుకున్న ఎత్తులో, కోరుకున్న వాలులో నిలబెట్టండి. ముక్కు కాస్త దిగి ఉండటం అందం, అతి చేయవద్దు. ఛాసిస్ అడుగు భాగం, సంప్ (ఇంజిన్ కింది నూనె తొట్టి), ఎగ్జాస్ట్, ఏదీ నేలకు 125 మి.మీ. కన్నా దగ్గరగా రాకూడదు. బ్రిటిష్ రోడ్ల స్పీడ్ బ్రేకర్లు ఎవరినీ క్షమించవు.

ఇప్పుడు చక్రాలను ఉండాల్సిన చోట నిలబెట్టి కొలవండి. పాప్ చక్రాల నడిమి దూరం అడ్డంగా 45 అంగుళాలు, అంటే 1143 మి.మీ. ఎస్కార్ట్ యాక్సిల్ దీనికన్నా దాదాపు 5, 6 అంగుళాలు వెడల్పు, ఫోర్డ్ కార్టినా ముందు భాగం ఏకంగా 11 అంగుళాలు. అలాగే తగిలిస్తే చక్రాలు మడ్‌గార్డు దాటి పీతకాళ్ళలా నిలబడతాయి.

వెనక యాక్సిల్‌ను ఎంత తగ్గించాలో లెక్క ఇలా చేస్తారు. ఉదాహరణకు మడ్‌గార్డు అంచు నుంచి అంచుకు 1400 మి.మీ. అనుకోండి. టైరు బయటి గోడ అంచుకు 20 మి.మీ. లోపల ఉండాలి, అంటే టైర్ల బయటి దూరం 1360. టైరు అసలు వెడల్పు 200, రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి గీత నుంచి బిగుసుకునే ముఖం ఎంత బయటికి ఉందో ఆ కొలత) 20 అయితే టైరు బయటి గోడ నుంచి రిమ్ము బిగుసుకునే ముఖానికి 80 మి.మీ. రెండు పక్కలా తీసేస్తే 1200. అందులో రెండు బ్రేకు డ్రమ్ముల రేకు మందం కూడా తీసేయాలి. ఈ చివరి అంకెను మరచిపోయి యాక్సిల్‌ను కోయించినవారు ఆ తర్వాత స్పేసర్లతోనో, మడ్‌గార్డు అంచు మడవడంతోనో సర్దుకోవాల్సి వస్తుంది. టైరు లోపలి గోడకు, ఛాసిస్‌కు మధ్య కనీసం 25 మి.మీ. వదలండి.

కొలతలకు తప్పకుండా నిజమైన టైరునే వాడండి. ఒకే సైజు రాసి ఉన్న రెండు కంపెనీల టైర్లు వెడల్పులో 8 మి.మీ. దాకా తేడా ఉంటాయి.

ఛాసిస్

అసలు ఛాసిస్ సన్నని రేకును ఒత్తి చేసిన, ఒక పక్క తెరిచి ఉన్న చానెల్. 30 హార్స్‌పవర్‌కు అది సరిపోయింది. 100కు మెలి తిరుగుతుంది. తెరిచి ఉన్న పక్కను 3 మి.మీ. రేకుతో మూసి పెట్టెలా చేయడం కనీసపు పని.

1. బాడీ తీసేముందే తలుపు స్తంభాల మధ్య అడ్డంగా, ఐమూలగా 25 మి.మీ. చదరపు పైపులు వెల్డు చేయండి. ఇవి లేకుండా నేల రేకు కోస్తే స్తంభాలు లోపలికి వాలిపోతాయి, మళ్ళీ ఆ తలుపులు జన్మలో మూసుకోవు.

2. ఛాసిస్‌ను నాలుగు గట్టి స్టాండ్ల మీద పెట్టి రసమట్టంతో చూడండి. రెండు ఐమూలలూ కొలవండి. తేడా 3 మి.మీ. దాటితే ముందు దాన్ని సరిచేయాలి.

3. ఛాసిస్‌ను స్టాండ్లకే క్లాంపులతో బిగించండి. ముందు అట్టతో నమూనా కోసి, ఆ తర్వాత రేకు కోయండి.

4. ప్రతి 100 మి.మీ.కు ఒక ట్యాక్ (చిన్న వెల్డు చుక్క). అన్నీ అయ్యాక 30 మి.మీ. పొడవు వెల్డులు ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, ఒకసారి ముందు, ఒకసారి వెనక. ఒకే పక్క ఏకధాటిగా వెల్డు చేస్తే వేడికి ఆ పక్క ముడుచుకుని ఛాసిస్ అరటికాయలా వంగుతుంది. చేయి పెట్టలేనంత వేడెక్కితే ఆపి వేరే చోటికి వెళ్ళండి.

5. అయిపోయాక ఐమూలలు మళ్ళీ కొలవండి.

0.8 మి.మీ. తీగ, ఆర్గాన్-సీఓ2 మిశ్రమం, 150 ఆంపియర్లు దాటగలిగే మిగ్ వెల్డింగ్ యంత్రం ఉండాలి. వెల్డు కింద నల్లటి పొర, పాత పెయింటు, గ్రీజు ఏవీ ఉండకూడదు, మెరిసే లోహం కనిపించే దాకా గీకాలి. పైకి అందంగా కనబడుతూ లోపల అంటుకోని వెల్డు అన్నిటికన్నా ప్రమాదకరం. అదే మందం తుక్కు ముక్కలు రెండు వెల్డు చేసి, వైస్‌లో పెట్టి సుత్తితో వంచండి. వెల్డు ఊడొస్తే యంత్రం సెట్టింగు తప్పు. రేకు చిరిగితే సరిగ్గా ఉంది.

వెనక యాక్సిల్

పాప్ అసలు వెనక యాక్సిల్ టార్క్ ట్యూబుతో వస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు గొట్టంలో దాక్కుని ఉంటుంది కాబట్టి టైప్ 9 గేర్‌బాక్సుకు అది పనికిరాదు. ఎస్కార్ట్ యాక్సిల్ తెచ్చి, హౌసింగును మీ కొలతకు కోసి, లోపల తిన్నని కడ్డీ పెట్టిన జిగ్‌లో (కదలకుండా పట్టే చట్రంలో) వెల్డు చేయించాలి. హాఫ్ షాఫ్టులను (లోపల చక్రాలను తిప్పే కడ్డీలను) మాత్రం కోసి అతికించవద్దు. పొట్టివి చేసి కొత్తగా పళ్ళు కోసే పని నిపుణుల లేత్ షాపులో చేయించండి. అతికించిన షాఫ్టు విరిగితే చక్రం డ్రమ్ముతో సహా బయటికొస్తుంది.

యాక్సిల్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచేవి నాలుగు లింకులు (కడ్డీలు), అది పక్కకు జరగకుండా ఆపే ఒక పాన్‌హార్డ్ రాడ్, రెండు కాయిల్‌ఓవర్లు (షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉన్నవి). లింకులకు సీడీఎస్ (అతుకు లేని ఉక్కు) గొట్టం, పాలీయురెథేన్ బుష్‌లు. గుండ్రటి లోహపు రాడ్ ఎండ్‌లు పందెం బండికి బాగుంటాయి, రోడ్డు మీద ఆరు నెలల్లో కటకటమంటాయి. పాన్‌హార్డ్ రాడ్ వీలైనంత పొడవుగా, బండి నిలబడ్డ ఎత్తులో నేలకు సమాంతరంగా ఉండాలి. పొట్టిగా, వాలుగా ఉంటే ప్రతి గుంతకూ యాక్సిల్ పక్కకు జరిగి టైరు మడ్‌గార్డును ఒరుసుకుంటుంది.

కాయిల్‌ఓవర్లను లోపలికి వాల్చేకొద్దీ స్ప్రింగు బలం తగ్గుతుంది. 15 డిగ్రీల వాలుకు 93 శాతం మిగులుతుంది, 30కి 75 శాతమే. 15 దాటనీయకండి.

గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు, యాక్సిల్‌లోకి వెళ్ళే పినియన్ షాఫ్టు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఇంజిన్ వెనక్కి 3 డిగ్రీలు వాలితే పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి చూడాలి. కొందరు అంతా ఒకే గీతలో పెడితే మంచిదనుకుంటారు, తప్పు. యూజే (యూనివర్సల్ జాయింటు) క్రాసు కాస్తయినా కోణంలో ఆడకపోతే లోపలి సూది బేరింగులు ఒకే చోట నొక్కుకుని గాట్లు పడతాయి. ఒకటి నుంచి మూడు డిగ్రీల కోణం ఉండాలి. ప్రొపెల్లర్ షాఫ్టు కొలత ఇచ్చేటప్పుడు, గేర్‌బాక్సులో స్లైడరు పూర్తిగా లోపలికి తోసి, 20 నుంచి 25 మి.మీ. వెనక్కి లాగి, అక్కడి నుంచి కొలవండి. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఈ కొలత తీయాలి.

ముందు యాక్సిల్, స్టీరింగ్

ఈ పని మొత్తంలో ఎక్కువ సమయం ఇవ్వాల్సిన చోటు ఇదే. హాట్ రాడ్ అనిపించేది ముందు బీమ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం. బయటికి కనబడే ఆ అందం కోసమే చాలామంది దాన్ని ఉంచుకుంటారు. బాగా కట్టిన బీమ్ సూటిగా, ధైర్యంగా నడుస్తుంది. తప్పుగా కట్టింది గంటకు 50 మైళ్ళ దగ్గర చేతులు వణికిస్తుంది.

యాక్సిల్‌ను పట్టుకోవడానికి నాలుగు కడ్డీల పద్ధతి మంచిది. పైది కిందది ఒకే పొడవుతో సమాంతరంగా ఉంటే చక్రం లేచి దిగినా క్యాస్టర్ కోణం (చక్రం పక్కలకు తిరిగే మేకు, అంటే కింగ్‌పిన్, వెనక్కి వాలే కోణం) మారదు. పాత పద్ధతిలో వీ ఆకారపు విష్‌బోన్‌ను రెండుగా చీల్చి ఛాసిస్‌కు ఇరుపక్కలా తగిలిస్తారు. అది ఫోర్జ్ చేసిన (కాల్చి, ఒత్తి మలిచిన) ఐ-బీమ్‌కు సరే. ఒక చక్రం లేస్తే బీమ్ కాస్త మెలి తిరిగి సర్దుకుంటుంది. గుండ్రటి గొట్టం యాక్సిల్‌కు అదే పెడితే గొట్టం మెలి తిరగదు కాబట్టి బ్రాకెట్లు చీలుతాయి. గొట్టం యాక్సిల్ అయితే నాలుగు కడ్డీలు తప్పనిసరి.

క్యాస్టర్ 5 నుంచి 7 డిగ్రీలు. తక్కువైతే బండి దారి తప్పుతూ నడుస్తుంది, ఎక్కువైతే స్టీరింగ్ బరువెక్కుతుంది. టో-ఇన్ (ముందు చక్రాల ముక్కులు లోపలికి తిరిగి ఉండే కొలత) 1.5 నుంచి 3 మి.మీ.

స్టీరింగ్ ర్యాక్‌ను (అటూ ఇటూ జరిగే పళ్ళ కడ్డీతో చక్రాలను తిప్పేదాన్ని) ఛాసిస్‌కు బిగించి బీమ్ యాక్సిల్‌కు కలపడం మళ్ళీ మళ్ళీ కనబడే తప్పు. యాక్సిల్ లేచి దిగుతుంది, ర్యాక్ ఉన్నచోటే ఉంటుంది, మధ్యలోని రాడ్లు చక్రాలను తామే తిప్పేస్తాయి. చేతులు స్టీరింగ్‌ను కదిలించకపోయినా బండి పక్కకు లాగుతుంది. బీమ్‌కు స్టీరింగ్ బాక్సే కావాలి. బాక్సు నుంచి అవతలి చక్రం స్టీరింగ్ చేతికి (దాన్ని తిప్పే కడ్డీకి) అడ్డంగా డ్రాగ్ లింకు అనే కడ్డీ వెళ్ళే పద్ధతి పెట్టుకుంటే, యాక్సిల్ పక్కకు జరగకుండా ముందు కూడా ఒక పాన్‌హార్డ్ రాడ్ ఉండాలి. అది డ్రాగ్ లింకుకు సమాంతరంగా, దాదాపు అంతే పొడవుతో ఉండాలి. అప్పుడు రెండూ ఒకే వంపులో కదులుతాయి, గుంతలో దిగినా చక్రం తిరగదు.

స్టీరింగ్ చేతుల కోణం కూడా చూడండి. కింగ్‌పిన్ మధ్య నుంచి టై-రాడ్ (రెండు చేతులనూ కలిపే కడ్డీ) బాల్ జాయింటు మీదుగా దారం లాగితే, రెండు దారాలూ వెనక యాక్సిల్ మధ్యలో కలుసుకోవాలి. సంప్‌కు అడ్డొస్తోందని టై-రాడ్‌ను యాక్సిల్ ముందుకు తెచ్చి చేతులను తిప్పి బిగిస్తే ఈ లెక్క తలకిందులవుతుంది, మలుపుల్లో ముందు టైర్లు కీచుమంటూ అరుగుతాయి.

కాలమ్‌లో ప్రతి యూజే కోణం 30 డిగ్రీలకు లోపే ఉండాలి. మూడు యూజేలు వాడితే మధ్య షాఫ్టుకు ఆధారంగా ఒక బేరింగు తప్పనిసరి, లేకపోతే షాఫ్టు తాడాటలా ఊగుతుంది. ఫోర్జ్ చేసిన స్టీరింగ్ చేతులను వేడిచేసి వంచడం, వెల్డు చేయడం రెండూ వద్దు.

బ్రేకులు

60 మైళ్ళ వేగంలో ఉన్న బండిని ఆపడం కన్నా 90లో ఉన్నదాన్ని ఆపడానికి రెండుంపావు రెట్ల శక్తి పీల్చుకోవాలి. అందుకే కడ్డీల బ్రేకులన్నీ తీసేసి హైడ్రాలిక్ పెట్టండి. ముందు కార్టినా లేదా ఎస్కార్ట్ డిస్కులు, వెనక యాక్సిల్‌తో వచ్చిన డ్రమ్ములు. చక్రం బోల్టుల వలయం ఎస్కార్ట్, కార్టినా, సియెర్రాలన్నిటికీ 108 మి.మీ. మీద నాలుగు బోల్టులే కాబట్టి నాలుగు చక్రాలూ ఒకే జాతివి కావచ్చు.

మాస్టర్ సిలిండర్ రెండు సర్క్యూట్లదే కావాలి. సర్వో (కాలి బలాన్ని పెంచే సాయం) లేకుండా నడిపితే పెడల్ నిష్పత్తి 6కి 1 దగ్గర ఉండాలి. పెడల్ బల్లలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే సాధారణంగా సిలిండర్ పెద్దదై ఉంటుంది. 17.78 మి.మీ.కు బదులు 19.05 వాడితే అదే ఒత్తిడికి కాలు 15 శాతం ఎక్కువ బలం పెట్టాలి. పెద్ద సిలిండర్ అంటే ఎక్కువ బ్రేకు అనుకోవడం తప్పు.

సిలిండర్ నేల కింద, డిస్కులను పట్టే కాలిపర్ల కన్నా దిగువన ఉంటే బ్రేకు నూనె వెనక్కి జారుతుంది. డిస్కుల దారిలో 2 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), డ్రమ్ముల దారిలో 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వులు పెట్టాలి. ఇవి తారుమారైతే డిస్కులు పట్టుకుని వేడెక్కి పొగలొస్తాయి.

పైపులు 3/16 అంగుళం రాగి-నికెల్ మిశ్రమంవి. ప్రతి 300 మి.మీ.కు ఒక క్లిప్పు. స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి, చక్రం పూర్తిగా వేలాడనిచ్చి, రబ్బరు గొట్టం ఎక్కడా లాగబడటం లేదని, టైరుకు తగలడం లేదని చూడండి. గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కు దూరమైన చక్రంతో మొదలు. హ్యాండ్‌బ్రేకు కేబుల్ మరచిపోకండి, ఎంఓటీలో అది కూడా చూస్తారు.

ఇంజిన్ కూర్చోబెట్టడం

ఖాళీ బ్లాకు, ఖాళీ గేర్‌బాక్సు డొల్లతో ముందు అమర్చి చూడండి. పూర్తి ఇంజిన్‌ను పదిసార్లు ఎత్తి దించితే నడుము విరుగుతుంది. కుడిచేతి స్టీరింగ్ కాబట్టి ఇంజిన్‌ను 20 మి.మీ. దాకా ఎడమకు జరిపితే కాలమ్‌కు దారి దొరుకుతుంది. షాఫ్టులు సమాంతరంగా ఉన్నంతవరకు నష్టం లేదు. పింటో సంప్ లోతైన భాగం ముందుందా వెనకుందా అన్నది ఏ బండి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి మారుతుంది. గుంతలో యాక్సిల్ పూర్తిగా పైకి లేచినప్పుడు సంప్‌కు తగలకూడదు. స్ప్రింగులు తీసేసి యాక్సిల్‌ను జాకీతో ఎత్తి చూడటమే దీనికి పరీక్ష.

పింటోకు ఉన్న పేరుమోసిన జబ్బు క్యామ్‌షాఫ్టు (వాల్వులను తెరిచే షాఫ్టు) అరగడం. పైన నూనె చిమ్మే సన్నని గొట్టం బెజ్జాలు మూసుకుపోతే క్యామ్ ఎండిపోతుంది. పాత ఇంజిన్ కొంటే క్యామ్ చూడకుండా పెట్టకండి. క్యామ్ మారిస్తే ఆ గొట్టం కూడా కొత్తది వేయండి. వాల్వు సందు ఇన్‌లెట్‌కు 0.20, ఎగ్జాస్ట్‌కు 0.25 మి.మీ., ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు.

చల్లదనం, పెట్రోలు, కరెంటు

పాత రేడియేటర్ పనికిరాదు. గ్రిల్లు వెనక ఇమిడే అతి పెద్ద అల్యూమినియం రేడియేటర్, వెనక నుంచి గాలి లాగే 12 అంగుళాల ఫ్యాను, చుట్టూ రేకు కప్పు. రేడియేటర్ పక్కల సందులు మూయకపోతే గాలి వాటిలోంచి జారిపోతుంది. బండి పరుగులో బాగుండి ట్రాఫిక్‌లో మరిగితే ఫ్యాను లోపం, ట్రాఫిక్‌లో బాగుండి పరుగులో మరిగితే గాలి దారి లేదా నీటి ప్రవాహం లోపం.

వీబర్ 32/36 కార్బురేటర్‌కు 3 పీఎస్ఐ చాలు; ఎక్కువైతే సూది నిలవక పెట్రోలు పొంగుతుంది. ఎలక్ట్రిక్ పంపును ట్యాంకు దగ్గరే, కింద పెట్టండి, అది తోయగలదు కానీ లాగలేదు. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిపినది). పాత రబ్బరు గొట్టాలను అది తినేస్తుంది, ఆర్9 గుర్తు ఉన్న గొట్టాలే వాడండి.

వైరింగు మొత్తం 12 ఓల్టులకు కొత్తగా. హెడ్‌లైట్లకు, ఫ్యానుకు విడివిడిగా రిలేలు, ఫ్యూజులు. బ్యాటరీ డిక్కీలో పెడితే స్టార్టర్ కేబుల్ 35 చ.మి.మీ.కు తగ్గకూడదు. కొత్త వైరింగులో కనిపించే తిక్క సమస్యల్లో సగం ఎర్త్‌వే. ఇంజిన్‌కు, ఛాసిస్‌కు, బాడీకి విడివిడిగా ఎర్త్ పట్టీలు వేయండి.

బాడీ

టాపు కోసి పొట్టి చేయడం చాలామంది కల. మొదటి బండికి వద్దు. స్తంభాలు లోపలికి వాలి ఉంటాయి కాబట్టి 75 మి.మీ. తీసేస్తే పైదీ కిందదీ ఒకదాని మీద ఒకటి కూర్చోవు. టాపును చీల్చి వెడల్పు చేయాలి, అద్దాలన్నీ కొత్తగా కోయించాలి. టాపు ఎత్తుగా ఉన్న పాప్‌కు దాని అందం దానికే ఉంది. ఐవీఏకు వెళ్ళే బండి అయితే బయటికి పొడుచుకొచ్చే ప్రతి అంచూ కనీసం 2.5 మి.మీ. గుండ్రంగా ఉండాలి. టూ-ప్యాక్ (గట్టిపడే మందు కలిపి కొట్టే) పెయింటులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను పాడుచేస్తాయి. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకుండా ఇంట్లో కొట్టవద్దు.

పెయింటు చివరి పని. దానికి ముందు బండి మొత్తాన్ని పచ్చి లోహంగానే కట్టి, నడిపి, మళ్ళీ విప్పాలి. పెయింటు వేశాక ఒక బ్రాకెట్ వెల్డు చేయాల్సి వస్తే కడుపు తరుక్కుపోతుంది. విప్పేటప్పుడు సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకుల్లో వాడిన పాత నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉన్నవి) పారేసి కొత్తవి వేయండి. బోల్టులు 8.8 గ్రేడుకు తక్కువ కాకూడదు, నట్టు బయటికి రెండు మరలు కనబడాలి.

మొదటి 500 మైళ్ళు

మొదటి 5 మైళ్ళు ఖాళీ ప్రైవేటు స్థలంలో, 20 మైళ్ళ వేగంలో. ఆగి, నాలుగు చక్రాల మధ్య భాగాలను చేత్తో తాకి చూడండి. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుంటోంది లేదా బేరింగు బిగుసుకుంది. అంతా సరిగ్గా ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీకి చేసిన మార్పులన్నీ రాసి ఇవ్వండి. ఒక్కటి దాచినా క్లెయిమ్ రోజున పాలసీ చెల్లకపోవచ్చు. ముందే ఒప్పుకున్న విలువకు ఇచ్చే పాలసీ అడగండి. ఎంఓటీ అయ్యాకే రోడ్డు.

50 మైళ్ళకు చక్రాల నట్లు, యాక్సిల్ బోల్టులు, లింకుల లాక్‌నట్లు మళ్ళీ బిగించండి. ప్రతి బోల్టు మీదుగా నట్టు నుంచి బ్రాకెట్ దాకా పెయింటు పెన్నుతో ఒక గీత గీస్తే, అది కదిలిందో లేదో చూడగానే తెలుస్తుంది. 200 మైళ్ళకు స్ప్రింగులు కుదురుకుని బండి 10 మి.మీ. దాకా దిగుతుంది. అప్పుడు క్యాస్టర్, టో-ఇన్, పాన్‌హార్డ్ రాడ్ల మట్టం మళ్ళీ చూసి సరిచేయండి. 500కు ఇంజిన్ నూనె మార్చి, వాల్వు సందులు కొలిచి, బ్రాకెట్ల వెల్డులన్నిటినీ తుడిచి టార్చిలైటుతో చూడండి. పెయింటు మీద వెంట్రుకలాంటి తుప్పు గీత కనబడితే దాని కింద లోహం చీలుతోందని అర్థం. దాన్ని గీకి, చీలిక చివర 3 మి.మీ. బెజ్జం వేసి, ఎందుకు చీలిందో తెలుసుకున్నాకే మళ్ళీ వెల్డు చేయండి.